మెట్ల కింద పూసిన ఊటీ మొక్క

మొన్న ఆదివారం పొద్దుగాల వాకిట్ల కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మా యారాలు ఫోన్ చేసింది. యారాలంటే మా మరిది భార్య, ఈ ఇంటికి నా తర్వాత వచ్చిన చిన్న కోడలు. నర్సు ఉద్యోగం ఇడిసిపెట్టి ఏండ్లయినా అడిగే తీరు మాత్రం పోలేదు దానికి. నా మోకాళ్లు ఎట్లున్నయి, బావకు షుగర్ ఎంతుంది, గోలీలు టైముకు ఏసుకుంటున్నడా అని వరుసపెట్టి అడిగి, ఆఖరుకు గొంతు జర తగ్గించి, "అక్కా, నా క్లివియా సచ్చిపోయింది. నీ దానికి పిలకలుంటే ఒకటియ్యవా?" అన్నది.

ఆ మాట చెవిన పడంగనే నాకు ఎంత సంబురమైందో రాస్తే మీరు నన్ను మంచి మనిషి కింద జమకట్టరు. నోటితోని అయ్యో అన్న, ఎట్ల పోయిందే అన్న, అంత ఎత్తున ఆ అపార్ట్‌మెంటుల పడమటి ఎండ పడుతదని నేను ముందే అనుకున్న అన్న. లోపల మాత్రం ఎన్నో ఏండ్ల కింద అంటుకొని ఇంకా నివురు కింద ఉన్న పొయ్యి మీద ఎవరో చెంబెడు నీళ్లు గుమ్మరించినట్టయింది. ఆ పొయ్యి ఎట్ల అంటుకుందో మన వయసు వాళ్లకు చెప్తే అర్థమైతది, ఇప్పటి పిల్లలకు చెప్తే ఒక పువ్వు కోసమా అని నవ్వుతరు.

క్లివియా అన్నది దాని చదువుకున్న పేరు. ఈ మధ్య పిల్లలు ఫోన్ల ఫోటో పెట్టి వెతికితే బయటపడ్డది. మా ఇంట్ల మాత్రం అది మొదటి సంది ఊటీ మొక్కనే. మీరు చూసి ఉండకపోతే చెప్త. చిక్కటి పచ్చ రంగుల వెడల్పాటి ఆకులు, నడుముకు పెట్టుకునే పట్టీల తీరుగ, ఇటొకటి అటొకటి ఎదురెదురుగ వంగి, విసనకర్ర విప్పినట్టు ఉంటయి. చలికాలం పోయే ముందర ఆ ఆకుల నడుమ నుంచి లావాటి కాడ ఒకటి లేచి, దాని కొసకు గుత్తిగ పువ్వులు పూస్తయి, మోదుగుపువ్వు రంగు, లోపలంత పసుపు. వాసన ఉండదు. దేవునికి పెట్టింది లేదు, కొప్పుల పెట్టింది లేదు, ఉత్తగ ముందట కూసొని చూసుడే దానితోని పని. ఆ చూసుడు కోసమే మా ఇంట్ల అంత కథ నడిచింది.

ఆ మొక్కను తెచ్చింది మా మామ. బస్సు డిపోల మెకానిక్‌గా పనిచేసినోడు. మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. నాకేమో చిన్నప్పుడే బాపు పోయిండు, ఆయన మొఖం కూడ నాకు యాదికి లేదు, అందుకని ఈ ఇంట్ల అడుగు పెట్టినంక మామనే బాపు అనుకున్న. నేను ముందటి అర్రల మిషన్ పెట్టుకొని బట్టలు కుట్టేదాన్ని, ఇబ్రహీంపట్నంల మా గల్లీ ఆడోళ్ల జాకెట్లు సగం నా చేతివే. ఆదివారం వస్తే మామ ఆ మిషన్ ముందట కూసొని, డిపోల బస్సును చూసినంత శ్రద్ధగ, పాత బనీను గుడ్డతోని దుమ్ము తుడిచి, నూనె చుక్కలు ఏసి, పట్టా బిగించి, తానే ఒకసారి తొక్కి చప్పుడు విని, "ఇగ నడుపు బిడ్డా" అనేటోడు. కొత్త బస్సు నా చేతికి అప్పజెప్పినట్టు అనిపించేది నాకు. నా పెండ్లయినంక నన్ను మెచ్చుకున్నోళ్లు ఇంకెవరున్నరు చెప్పుండ్రి. మా ఇంటాయన మంచోడే గని కూర బాగుంటే మాట్లాడకుండ తినిపోయే రకం.

రిటైరైనంక మామ తోటి మెకానిక్‌లతోని కలిసి బస్సు మాట్లాడుకొని దక్షిణ యాత్రకు పోయిండు. మదురై, రామేశ్వరం తిరిగి, వచ్చేటప్పుడు ఊటీ ఎక్కిండ్రంట. అందరు చాక్లెట్లు, నీలగిరి తైలం తెస్తే ఈయన ఒక మొక్కను తడి గోనెసంచిల చుట్టి, దారి పొడుగునా ఒడిల పెట్టుకొని తెచ్చిండు. కాళ్లు తిమ్మిరెక్కి బస్సు దిగలేకపోయిండు గని మొక్క మాత్రం ఒక్క ఆకు విరగకుండ ఇల్లు చేరింది. అది తల్లి మొక్క, దాని పక్కనే చిటికెన వేలంత పిలక.

హైదరాబాదు నడుసుకుంట మా దిక్కు వస్తున్న రోజులవి. సాగర్ రోడ్డుకు రెండు పక్కల జొన్నచేన్లల్ల తెల్ల రాళ్లు పాతిండ్రు, రంగురంగుల జెండాలు లేచినయి, ఔటర్ రింగురోడ్డు పడుతదంటే పాలు పోసేటాయన కూడ ప్లాట్ల సంగతే మాట్లాడేటోడు. మా ఇంటాయన సిమెంటు దుకాణానికి తిండి తినే తీరిక లేకుండె, ఇంటికొస్తే ఆయన కనురెప్పల మీద కూడ సిమెంటే. ఆ ఊపుల్నే మా మరిది మీర్‌పేట్ల ఇల్లు కట్టిండు, యారాలు నౌకరి చేసే దవాఖాన అక్కడికి దగ్గర. గృహప్రవేశంనాడు మామ అందరి ముందట తొట్టిని బోర్లిచ్చి, వేర్లు చేతితోనే మెల్లగ విడదీసి, తల్లి మొక్కను యారాలి చేతుల పెట్టిండు, పిలకను నాకిచ్చిండు. కొత్తింటికి పెద్దది పోవాలె, పాతింటికి పిల్ల సాలు అన్నడు. అందరు నవ్విండ్రు, నేను కూడ నవ్విన. ఇంటికొచ్చినంక పిలకను కుండీల పెట్టుకుంట, పెద్ద కోడలినైన నాకు పిల్లదా అని ఏడ్చిన.

మామ ఉండుడు వంతుల మీద ఉండె. దసరా సంది ఉగాది దాక మా ఇంట్ల, ఉగాది సంది మళ్ల దసరా దాక వాళ్లింట్ల. ఆ వంతులు పెట్టింది కొడుకులు కాదు, ఆయనే. ఎవరికీ భారం కావొద్దు, ఎవరికీ దూరం కావొద్దు అని ఆయన లెక్క. నాకైతే దసరా పండుగంటే జమ్మి కాదు, బతుకమ్మ కాదు, మామ ట్రంకుపెట్టె ఆటో దిగుడే. మిషన్‌కు నూనె పడేది కూడ ఆ ఆరు నెలలే.

ఒక మాఘమాసంల, మామ నా వంతుల మా ఇంట్ల ఉండంగ, మీర్‌పేట్ల ఊటీ మొక్క పూసింది. మరిది ఫోన్ చేసిండు. మామ తువ్వాలల రెండు జతల బట్టలు కట్టుకొని, చూసి రెండ్రోజుల్ల వస్త బిడ్డా అని పోయిండు. రెండ్రోజులు పోయినయి, శివరాత్రి పోయింది, హోళీ పోయింది. పువ్వులు ఒకటి వాడితే ఒకటి విచ్చుకుంటున్నయంట, అన్ని పూసినంక వస్తడంట. అన్ని పూసి రాలేసరికి ఉగాది ముంగటికొచ్చింది, ఇగ ఎట్లాగు వాళ్ల వంతే కదా, మళ్ల వచ్చి పోవుడెందుకు అని అక్కడ్నే ఉన్నడు. మిగిలిన బట్టలు మా ఇంటాయనతోని తెప్పించుకున్నడు. తర్వాతి ఏడు కూడ గంతే, ఆ తర్వాతి ఏడు కూడ గంతే. మాఘమాసం రాంగనే నా వంతుల నుంచి రెండు నెలలు ఆ పువ్వు కోసుకపోయేది.

నేనొకసారి చూద్దామని పోయిన. సిటీ బస్సు దిగి ఆ కాలనీల ఇల్లు వెతుక్కొని పోతే, వెనక సజ్జ కింద, నీళ్ల మోటరు పక్కన, అసలు ఎండ ముఖమే చూడని మూలకు ఉంది ఊటీ మొక్క. మట్టి పగుళ్లు బాసింది. కుండీల వేర్లు ఇరికిరికి పైకి తేలినయి. వాళ్లు డ్యూటీలకు పోతే పొద్దంత ఇంటికి తాళమే, చలికాలమంత దానికి నీళ్లు పోసిన దిక్కు లేదని యారాలే నవ్వుకుంట చెప్పింది. గట్ల ఎండబెట్టిన మొక్క తలకాయ ఎత్తి గుత్తి పూసింది. దాని ముందట ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని మా మామ, చేతిల జిలేబి. షుగరున్న మనిషికి జిలేబి ఇచ్చింది ఎవరనుకున్నరు, నర్సమ్మనే. ఒక ముక్క తింటే ఏం కాదక్కా అన్నది. బాలాపూర్ గణేశుని లడ్డు వేలంపాటల గెలిచినోళ్ల తీరు ఉండె ఆమె నడక. నా కండ్లు కుట్టినయి అనేది చిన్న మాట. నా కండ్లల్ల నిప్పులు పోసుకున్న. వాళ్లింటి గచ్చుకు కుళ్లుకోలే, గ్యాసు పొయ్యికి కుళ్లుకోలే, కట్టిన ఇంటికి కుళ్లుకోలే, ఆ కుర్చీకి మాత్రం కుళ్లుకున్న. నా ఇంట్ల మామ ఎన్నడు గట్ల కాళ్లు సాపుకొని కూసున్నది నేను చూడలే.

అప్పటి నుంచి నా పిలక మీద పడ్డ. పూయిస్త, పూయిస్తే మామ మాఘమాసంల ఎటూ పోడు, నా వంతు నాకు దక్కుతది, గదొక్కటే నా పట్టుదల. మంచి జాగ ఏదని చూస్తే తులసిగద్దె పక్కన కంటే మంచి జాగ ఏ ఇంట్ల ఉంటది. అక్కడ పెట్టిన. పొద్దుగాల తానం చేసి తులసికి చెంబు నీళ్లు పోస్తం కదా, పక్కనున్నదానికి పోయకపోతే పంక్తిల కూసున్న ఒకరికి వడ్డించి ఒకరిని ఇడిసినట్టని, దానికీ ఒక చెంబు. కార్తీకమాసం వస్తే తులసికి ఎన్ని పూజలో దానికి అన్ని. చలిల, మబ్బుల, ముసురుల, ఒక్కపూట తప్పలే. బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి పిప్పి, కోడిగుడ్డు పెంకులు. ప్రతి ఉగాదికి ఇంకా పెద్ద కుండీకి మార్చుడు. మొక్క పెరిగింది మస్తుగ, కొత్త పిలకలు కూడ లేచినయి. కాడ మాత్రం లేవలే. ఎండకు ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడితే దిష్టి అనుకొని నల్లదారం కట్టిన, నిమ్మకాయ మిరపకాయలు కుట్టి అంచుకు ఏలాడదీసిన. ఎవరి దిష్టి అని మా ఇంటాయన అడిగిండు. నేను మీర్‌పేట్ దిక్కు చూసిన. ఆయన చేతులు కడుక్కొని దుకాణం దిక్కు పోయిండు.

మామను కూడ నేను అట్లనే చూసుకున్న, అబద్ధం ఎందుకు. ఎండలకు పోవద్దు మామా, చన్నీళ్లు తాగొద్దు మామా, కల్లు దుకాణం దిక్కు పోవద్దు మామా, చక్కెర లేని చాయ్ టైముకు, గోలీ టైముకు, మెడకు మఫ్లర్. తోటి మెకానిక్‌లు వచ్చి అరుగు మీద కూసుంటే చాయ్ ఇచ్చి, మామ పండుకునే ఏళయింది అని పంపేదాన్ని. ఇంత చేస్తే మాఘమాసంల ఆయన ట్రంకుపెట్టె దిక్కు చూసేటోడు. మేమంత ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దమ్మ జాకెట్లు తీసుకపోను వచ్చి ఒకనాడు, ఏం బేటీ, మామ మళ్ల చిన్నకోడలు కాడికే పోయిండా అన్నది. పాపం ఆమె ఉత్తగనే అడిగింది. నేను ఆ పూట ఆమె కుర్తా చంకలు రెండుసార్లు తప్పు కుట్టి ఇప్పిన.

తర్వాతి చలికాలం, మామ నా కాడ ఉండంగనే, దేవరకొండల మా అమ్మ జారిపడి తుంటి ఇరగ్గొట్టుకుంది. కార్తీకం పోయి మార్గశిరం వచ్చిన రోజులు. నేను తప్ప చూసేటోళ్లు లేరు. మా ఇంటాయనకు వంట చెప్పి, మామకు గోలీలు చెప్పి, తులసికి, ఊటీ మొక్కకు రోజూ నీళ్లు పోయాలని ఇద్దరికి ఒట్టు పెట్టించి పోయిన. అమ్మ మంచం దిగలే. పుష్యం పోయింది, మాఘం వచ్చింది. ఒకనాడు మా ఇంటాయన ఫోన్ చేసి, దుకాణం సంగతి, చలి సంగతి అన్ని చెప్పి, పెట్టేసే ముందర, అన్నట్టు నీ ఊటీ మొక్క పూసింది అన్నడు. ఎన్ని పువ్వులు అంటే మస్తున్నయి అన్నడు. ఏ రంగు అంటే మీర్‌పేట్ది ఏ రంగో గదే రంగు అన్నడు. గంతకంటే చెప్పరాదు ఆయనకు. రేపే వస్తనని బట్టలు సదురుకున్న గని ఆ రేపే అమ్మకు జరమొచ్చింది, దవాఖానల ఏసినం. అమ్మ మంచం పక్కన కూసొని, అమ్మ కోసం కొంత, పువ్వు కోసం కొంత ఏడ్చిన, ఏది దేనికో నాకే తెలియలే.

అమ్మ కుదుటపడి నేను ఇల్లు చేరేసరికి పువ్వులు రాలిపోయి, ఉత్త కాడకు పచ్చటి కాయలు పిల్లలు ఆడుకునే గోలీలంత కట్టినయి. మొక్క తులసిగద్దె పక్కన లేదు. మెట్ల కింద, మామ పాత సైకిల్ ఎనక, నీడకు ఉంది. ఏమైందని అడిగితే సంగతి గిది. నేను అటు పోంగనే మామ పొద్దటెండకు మోకాళ్లు కాపుకుందామని తులసి పక్కన కుర్చీ ఏసుకుంటే కుండీ అడ్డమొచ్చింది. ఆయన జరిపి మెట్ల కింద పెట్టిండు. మొగోళ్లిద్దరు తులసికి నీళ్లు పోసిండ్రు, అది కండ్ల ముందటున్నది కాబట్టి. సైకిల్ ఎనకున్నదాన్ని ఇద్దరు మర్శిండ్రు. రెండు నెలలు చుక్క నీళ్లు లేక, చలిగాలికి అట్ల పడి ఉండి, నేను పంచభక్ష్యాలు పెడితే పూయనిది, మర్శిపోతే పూసింది.

ఇంకా వినుండ్రి. ఆ ఏడు మామ మీర్‌పేట్ పోలేదు. పువ్వు ఇంట్లనే ఉన్నదాయె, ఎందుకు పోతడు. మెట్ల ముందట కుర్చీ ఏసుకొని, తోటి మెకానిక్‌లను పిలుసుకొని, చక్కెరేసిన చాయ్ తాగుకుంట మాఘమంత మా వాకిట్లనే కూసున్నడంట. నేనేది కోరుకున్ననో అచ్చం గది, నేను లేనప్పుడు జరిగింది. ఒక ఆదివారం మరిది, యారాలు వచ్చి, యారాలు నా వంటింట్ల నా గిన్నెలల్ల బగారన్నం వండి, అందరు కలిసి పువ్వు పక్కన నిలబడి ఫోటో దిగిండ్రు. తర్వాత అద్దం కట్టించి నాకు పంపింది కూడ ఆమెనే. నా వాకిలి, నా పువ్వు, నా మామ, ఆయన భుజం పక్కన మా యారాలు. ఆ ఫోటో ఇప్పటికీ ముందటి అర్రల ఉంది, ఇప్పటికీ దాని ముందర నుంచి పోతే నాకు ఒళ్లు మండుతది.

నేను ఇల్లు చేరిన సాయంత్రమే మామను పట్టుకొని అడిగిన, మామా నువ్వేం చేసినవని పూసింది అని. ఆయన నా మిషన్ పట్టా సరిజేసుకుంట, తల ఎత్తకుండనే, "నేనేం జెయ్యలే బిడ్డా. జర ఇడిసిపెట్టిన. గంటగంటకు ముట్టుకుంటే అది ఎప్పుడు పూయాలె?" అన్నడు. మా ఆడబిడ్డ ఈ మాట విన్నప్పుడల్లా, బాపు మొక్క సంగతి కాదు వదినా, తన సంగతి చెప్పుకున్నడు అంటది. నేను ఒప్పుకోను. మామకు ఏదన్న ఉంటే మొఖం మీదనే అనేటోడు. ఒప్పుకోను గని, తర్వాతి దసరాకు ఆయన వచ్చినప్పుడు మఫ్లర్ పెట్టెల నుంచి బయటికే తియ్యలే, చాయ్‌ల చెంచెడు చక్కెర ఏసిన, అరుగు మీద మెకానిక్‌లు ఎంతసేపు కూసున్నా నేను బయటికి రాలే. మొక్కను మెట్ల కిందనే ఉంచి, కార్తీకం సంది చెంబు ముట్టలే. ఆ ఏడు పువ్వు మామ ముందట నేను కూడ కూసొని చూస్తననుకున్న. పుష్యమాసంల ఒక పొద్దుగాల, ఆదివారమే, మిషన్‌కు నూనె డబ్బా తీసుకున్న మనిషి కుర్చీల అట్లనే ఒరిగిపోయిండు. దినాలన్ని ఐపోయినంక మెట్ల కిందికి పోయి చూస్తే, ఆకుల నడుమ కాడ అప్పుడే తలకాయ బయటపెట్టింది.

అప్పటి నుంచి ఒక్క మాఘం తప్పకుండ పూస్తున్నది. ఇప్పుడు మా ఊర్ల జొన్నచేను చూడాలంటే చానా దూరం పోవాలె. యారాలోళ్లు మీర్‌పేట్ ఇల్లు ఇడిసి అపార్ట్‌మెంటుకు మారిండ్రు. మిషన్ మీద బట్ట కప్పి ఏండ్లయింది, జాకెట్లు అందరు బొటీకులల్లనే కుట్టిస్తున్నరు. రోడ్డు మీది నర్సరీల పువ్వుతో సహా ఊటీ మొక్క దొరుకుతది, ఫోన్ల నొక్కితే ఇంటికే తెస్తరు. కుటుంబం గ్రూపుల దినాం ఎవరో ఒకరు పువ్వు ఫోటో పెడుతరు, నేను రెండు చేతుల బొమ్మ పెట్టి ఫోన్ పక్కకేస్త. ఎవరి పువ్వు చూసినా నాకు కడుపు మండుతలేదు. వయసు మీద పడి మంచిదాన్నయిన్ననేమో అనుకున్న గని కాదు. ఎవరింట్ల పూసినా, అక్కడికి పోయి కూసునేటోడు లేడు. ఆ మనిషి లేకపోయేసరికి యారాండ్లిద్దరికి గుంజుకొనేందుకు ఏమీ మిగల్లేదు, ఫోన్ల మోకాళ్లు, షుగర్లు అడుగుకునుడు తప్ప.

పిలక ఇస్తనని చెప్పిన. ఎండాకాలం రాకముందే విడదీసి, మామ చేసినట్టే చేతితోనే విడదీసి, నేనే తీసుకపోయి ఇస్త. పడమటి దిక్కు పెట్టకు, చలికాలం నీళ్లు పోయకు అని చెప్తే, నాకు ఎరికే కదక్కా, నేనెప్పుడు పోసిన అని నవ్వింది. పూయనీకి మూడు నాలుగేండ్లు పడుతది, అప్పటిదాక ఇద్దరం ఉండాలె. పూసిన్నాడు మాత్రం ఫోటో పంపుడు కాదు, నన్ను పిలువాలె అన్న. పోత. లిఫ్టుల పైకెక్కి, దాని బాల్కనీల ఆ పువ్వు ముందట మామ తీరుగ కుర్చీ ఏసుకొని కాళ్లు సాపుకొని కూసుంట. చక్కెరేసిన చాయ్ అడుగుత. నాకు మళ్ల అప్పటి తీరుగనే కడుపు మండాలె.